కొడగు కాఫీ పూత తేనె: ఏడాది వాడిన తరువాత

కాఫీ పూల తేనె అని రాసి ఉన్న సీసాలు ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు, విశాఖపట్నం సూపర్‌మార్కెట్లలో విరివిగా కనిపిస్తున్నాయి. నేను రాస్తున్నది మాత్రం కర్ణాటకలోని కొడగు జిల్లా సిద్దాపుర సమీపంలో, తన కాఫీ తోటలోనే తేనెపెట్టెలు పెట్టుకొని, తీసిన తేనెను ఇంటి ముందరి గదిలో అమ్ముకునే ఒక రైతు దగ్గర నిరుడు కొన్న మూడు సీసాల గురించి. ఆ గదికి పెద్ద బోర్డు కూడా లేదు. తేనె గురించి కొనేవారికి పనికివచ్చే మాట చెప్పాలంటే రుచి ఒక్కటే చెబితే చాలదు. అది ఏ పూత నుంచి, ఏ నెలలో, ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. అందువల్ల ఈ సమీక్ష కొంత పొడవైంది.

మార్చి రెండో వారంలో మేము అక్కడికి వెళ్లేసరికి రోబస్టా రకం కాఫీ తోటలు పూసి ఉన్నాయి. కాఫీ పూత చూడనివారికి దాన్ని వర్ణించడం కష్టమే. కొమ్మ పొడవునా, ప్రతి కణుపు దగ్గరా తెల్లని చిన్న పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకొని, ఆకుల మధ్య ఎవరో మల్లెదండలు చుట్టి వెళ్లినట్లు ఉంటుంది. వాసన కూడా మల్లెకు దగ్గరగానే ఉంటుంది. ఉదయం ఏడు గంటలకు తోటలోకి అడుగు పెట్టగానే ముందు వినిపించింది ఈగల రొద; ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియకుండా తోటంతా ఒకే శ్రుతిలో మోగుతున్నది. రైతు తన పెట్టెల్లోని చిన్న ఈగలను తుడువె జేను అని, పెద్ద చెట్ల కొమ్మలకు పట్టు కట్టుకొని ఉన్న పెద్ద ఈగలను హెజ్జేను అని పరిచయం చేశారు. మొదటివి మనం పుట్ట తేనె ఈగలనేవి, రెండోవి కొండ తేనె ఈగలు. ఈ రెండో రకాన్ని పెట్టెలో పెంచడం ఎవరి తరమూ కాదు. పూత కాలంలో వాటంతట అవే తోటలకు వలస వచ్చి, ఆ తరువాత వెళ్లిపోతాయి.

ఆ రోజు నాకు తేనె దొరకలేదు. అడిగితే, నిరుటి తేనె అయిపోయిందనీ, ఈ పూత తేనె ఏప్రిల్ చివరికి గాని తీయననీ చెప్పి, ఒక నోటుపుస్తకంలో నా ఫోన్ నంబరు రాసుకున్నారు. అల్మారాలో ఒక్క సీసా కూడా లేని తేనె దుకాణాన్ని చూడడం నాకు అదే మొదటిసారి. ఆ వ్యాపారం మీద నాకు నమ్మకం కలిగింది అక్కడే. ఎందుకు కలిగిందో చెప్పాలంటే కాఫీ పూత లెక్క కొంచెం తెలియాలి.

కాఫీ మొక్క మొగ్గలు వేసవి మొదట్లో పూర్తిగా ఎదిగి, నీటి కోసం ఎదురుచూస్తూ నిద్రలో ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే తొలి జల్లును తోటల వాళ్లు పూత వాన అంటారు. ఆ వాన పడిన వారం పది రోజులకు మొగ్గలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి. రోబస్టా కొంచెం ముందు, మరో కాఫీ రకమైన అరబికా కొంచెం వెనుక. విచ్చుకున్న పువ్వు రెండు మూడు రోజులకు మించి నిలవదు. ఇప్పుడు చాలా రోబస్టా తోటల్లో వానకోసం చూడకుండా చెరువు నీటితో స్ప్రింక్లర్లు పెట్టి పూత తెప్పిస్తున్నారు కాబట్టి, ఒక తోట తరువాత ఒక తోట పూస్తూ ఆ మూడు రోజులు కాస్తా కొన్ని వారాలుగా సాగుతాయి. అయినా మొత్తం మీద అది చాలా కురచ కాలం. ఆ కాలంలో ఈగలు తెచ్చిన మకరందం నుంచి వచ్చినదే కాఫీ పూత తేనె కావాలి. మరి ఏడాది పొడవునా, ఎంత కావాలంటే అంత, ఒకే రంగులో, ఒకే చిక్కదనంతో దొరికే సీసా మీద ఆ పేరు ఉంటే, కొనే ముందు అమ్మేవారిని నాలుగు ప్రశ్నలు అడగవలసిందే.

మే మొదటి వారంలో రెండు సీసాలు కొరియర్‌లో వచ్చాయి. అరకిలో సీసా 450 రూపాయలు, కొరియర్ ఖర్చు విడిగా. కాగితపు చీటీ మీద తేనె తీసిన తేదీ, సీసాలో నింపిన తేదీ, ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన నమోదు సంఖ్య, నికర బరువు స్పష్టంగా ఉన్నాయి. తేనె విషయంలో బరువును గ్రాముల్లో చూడడం అవసరం. తేనె నీటికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువైనది కాబట్టి అరకిలో తేనె 350 మిల్లీలీటర్ల సీసాలో పట్టేస్తుంది. సీసా చిన్నదిగా ఉందని మోసం అనుకోకూడదు, పెద్దదిగా ఉందని సంబరపడకూడదు. అయితే ఆ చీటీ మీద నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది చివరి వాక్యం. “ముఖ్యంగా కాఫీ పూత, దానితోపాటు తోటలోని నీడ చెట్ల పూత” అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంది.

ఈ ఒక్క వాక్యం రాయడానికి ధైర్యం కావాలని నా ఉద్దేశం. కొడగు కాఫీ తోట అంటే కాఫీ మొక్కలు మాత్రమే ఉండే పొలం కాదు. పైన నీడ కోసం పనస, అత్తి, నేరేడు, రోజ్‌వుడ్ వంటి చెట్లు, మిరియాల తీగలు పాకించడానికి సిల్వర్ ఓక్ చెట్లు, మధ్యలో అక్కడక్కడా నారింజలు. సిల్వర్ ఓక్ పువ్వులో మకరందం జాలువారేంత ఉంటుంది. ఈగలకు మన చీటీలతో పని లేదు, అవి దొరికిన చోటికల్లా వెళ్తాయి. ఒక తేనెను ఫలానా ఒకే పూత తేనె అని పిలవడానికి శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని కింద అందులోని పుప్పొడి రేణువులను లెక్కపెడతారు; మామూలుగా 45 శాతం, అంతకు మించి ఒకే మొక్క పుప్పొడి ఉంటే ఆ పేరు చెల్లుతుంది. ఇంటి ముందరి గదిలో తేనె అమ్మే రైతు దగ్గర ఆ పరీక్ష ఉండదు. లేని పరీక్షను ఉన్నట్టు చూపకుండా, తన కంటికి తెలిసినంత మేరకు రాసినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

ఇక రుచి. మూత తీయగానే కాఫీ వాసన వస్తుందని మా ఇంటికి వచ్చిన ప్రతివారూ అనుకున్నారు. రాదు, రానక్కరలేదు. కాఫీ వాసన గింజను వేయించినప్పుడు పుట్టేది, పువ్వులో అది లేదు. ఈ తేనెకు ఉన్నది సన్నని పూల వాసన. సీసా తీసిన మొదటి నిమిషంలో బాగా తెలుస్తుంది, తరువాత మరుగున పడుతుంది. రంగు పాలు పోయని పలుచని టీ రంగు. నాలుక మీద మొదట తేలికైన తీపి, గొంతు దాటే వేళకు లేతగా ఒక వగరు. అడవి తేనెలో ఉండే ఘాటు, గొంతు పట్టేసే బరువు ఇందులో లేవు. పెసరట్టు మీద, నిమ్మరసంలో, పొద్దుటి పెరుగులో చాలా బాగుంది. పంచామృతంలో కలిపితే మాత్రం అరటిపండు, నెయ్యి దీన్ని పూర్తిగా మింగేశాయి. అంత సున్నితమైన తేనెను అందులో పోయడం వృథా. ఒక చెంచాడు ఊరికే నోట్లో వేసుకొని నెమ్మదిగా కరగనిస్తే దీని గుణం తెలుస్తుంది.

కెఫీన్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. కాఫీ పువ్వు మకరందంలో కెఫీన్ కొద్దిగా ఉన్న మాట నిజమే. బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, కెఫీన్ కలిసిన మకరందం తాగిన తేనెటీగలు ఒక రోజు గడిచాక కూడా ఆ పువ్వు వాసనను మిగతా ఈగలకంటే మూడు రెట్లు ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాయని తేలింది. అంటే మొక్క తన దగ్గరికి ఈగ మళ్లీ వచ్చేలా దానికి జ్ఞాపకశక్తిని అరువిస్తున్నదన్నమాట. నాకు ఈ విషయం ఎంత చదివినా తనివి తీరదు. కానీ మన వరకు వచ్చేసరికి ఒక చెంచా తేనెలో ఉండే కెఫీన్ లెక్కలోకి రాదు. ఇది తింటే కాఫీ తాగినంత హుషారు వస్తుందని చెప్పే ప్రకటనలను నమ్మవద్దు.

జులైలో రెండో సీసా తెరిచేసరికి తేనె అడుగు నుంచి సగం దాకా పేరుకొని ఉంది. మా అమ్మ సీసాను వెలుతురులో పట్టుకొని చూసి, “ఇందులో పంచదార కలిపారేమో చూడమ్మాయ్, అడుగున గడ్డ కట్టింది” అంది. అమ్మది చోడవరం, బెల్లపు ఊరు మనిషి కాబట్టి తీపి వస్తువులను తేలిగ్గా నమ్మదు. ఆమెకు చెప్పినట్టే ఇక్కడా చెబుతున్నాను: స్వచ్ఛమైన తేనె పేరుకోవడం దాని సహజ గుణం. అందులోని గ్లూకోజు మెల్లగా రవ్వలు కడుతుంది, చల్లదనంలో ఇంకా త్వరగా కడుతుంది. మన నెయ్యి పూస కట్టినట్టే ఇదీనూ. ఆ సగం తేనె చెంచాతో తీస్తే సన్నని రవ్వగా, నోట్లో వెన్నలా కరిగిపోయింది. నిజానికి పలుచని తేనెకంటే అదే మాకు ఎక్కువ నచ్చింది. మళ్లీ పలుచగా కావాలంటే గోరువెచ్చని నీటిలో సీసాను కొంతసేపు ఉంచితే చాలు. పొయ్యి మీద పెట్టి మరిగిస్తే ఆ పూల వాసన ఆవిరైపోతుంది, మిగిలేది తీపి ఒక్కటే.

ఇంతవరకు మెచ్చుకున్నాను కాబట్టి మూడో సీసా సంగతి దాచకూడదు. ఆగస్టులో మళ్లీ తెప్పించిన ఆ సీసా మూత తిప్పగానే సోడా సీసాలా చప్పుడైంది. పైన తెల్లని నురుగు, వాసనలో పులుపు. తేనె పులిసిపోయింది. కారణం నీటి శాతం. ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణం ప్రకారం తేనెలో నీరు 20 శాతం మించకూడదు. మించితే అందులో సహజంగానే ఉండే ఈస్టు మేల్కొని పని మొదలుపెడుతుంది. ఈగలు తేనెను రెక్కల గాలితో ఆరబెట్టి, సరిపడా చిక్కబడ్డాక పట్టులోని గదికి మైనపు మూత వేస్తాయి. మూత పడకముందే పట్టు తీసి పిండితే తేనె పచ్చిగా ఉంటుంది. పైగా పుట్ట తేనె ఈగల తేనెలో నీరు మామూలుగానే కొంచెం ఎక్కువ, కొడగు గాలిలో తేమ చెప్పనక్కరలేదు. ఫోన్ చేసి చెబితే ఆయన వాదించలేదు. ఆ సీసా సంఖ్య చూసి, పూత చివరలో వాన ముంచుకొస్తున్నదని తొందరపడి తీసిన తేనె అదని ఒప్పుకొని, డబ్బు వెనక్కి పంపారు. కానీ ఆ తేనెను విడిగా ఉంచి అమ్మకుండా ఆపి ఉండవలసింది. నీటి శాతం కొలిచే రిఫ్రాక్టోమీటరు చేతిలో పట్టేంత చిన్న పరికరం, తేనె అమ్మేవారు ఎవరైనా కొనుక్కోగలిగినదే. అది లేకుండా అమ్మడం ఈ దుకాణపు పెద్ద లోపం. ఇంకో లోపం ప్యాకింగు: గాజు సీసాకు చుట్టూ ఒక్క పొర కాగితం మాత్రమే ఉంది, మొదటి రెండు సీసాల్లో ఒకదాని మూత పక్కనుంచి తేనె కారి అట్టపెట్టె తడిసిపోయింది.

అక్టోబరులో అటు వెళ్లినప్పుడు ఒక పెట్టె తెరిచి చూపించమని అడిగాను. ఇనుప స్టాండు మీద పెట్టె, చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. కొబ్బరి పీచు పొగ రెండుసార్లు ఊది, పై మూత తీశారు. కింది అరలో రాణి, పిల్లలు. పైఅరలో తేనె చట్రాలు. ఆ నెలలో పైఅర ఖాళీగా, తేలికగా ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎడతెరిపి లేని వానలో ఈగలు బయటికి పోలేవు, ఆ నెలల్లో చక్కెర పాకం పెట్టి బతికించుకోకపోతే అవి గూడు వదిలి లేచిపోతాయి. “పాకం పెట్టిన నెలల్లో పైఅర ముట్టుకోను మేడం, అది వాటి తిండి” అని తన కన్నడంలో చెప్పారు. కొనేవారు తేనె తీసిన తేదీ ఎందుకు అడగాలో ఈ ఒక్క మాటతో అర్థమవుతుంది. వానాకాలంలో పిండిన తేనెలో చక్కెర పాకం కలిసే అవకాశం ఉంటుంది. అమ్మేవాడు కలపనక్కరలేదు, ఈగలే దాచి ఉంటాయి.

ఈ పెట్టెల వల్ల ఆయనకు తేనెకంటే కాఫీ దిగుబడి ముఖ్యమట. అరబికా తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. రోబస్టాకు ఆ వీలు లేదు, వేరే మొక్క పుప్పొడి గాలితోనో ఈగతోనో వచ్చి తీరాలి. సిద్దాపుర ప్రాంతమంతా ఎక్కువగా రోబస్టాయే కాబట్టి తోటలో ఈగ ఉండడం గింజ లెక్కలోకి వస్తుంది. కొడగులో తేనె సంప్రదాయం పాతది. విరాజపేటలో తేనె, మైనం ఉత్పత్తిదారుల సహకార సంఘం 1936లోనే ఏర్పడింది. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ దక్షిణ భారతమంతా పుట్ట తేనె ఈగలను ఊడ్చేసింది. పిల్ల పురుగులు నీళ్లు నిండిన సంచుల్లా మారి గదుల్లోనే చచ్చిపోయేవట. అప్పుడు వాళ్ల నాన్నగారి పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయనీ, తాను మళ్లీ మొదలుపెట్టడానికి చాలా ఏళ్లు పట్టిందనీ చెప్పేటప్పుడు ఆయన చేయి పెట్టె మూత మీదే ఉంది.

మన వైపు సంగతి తలచుకోకుండా ఉండలేను. మన తూర్పు కనుమల్లో కాఫీ 1898లో పాములేరు లోయలో మొదలై, తరువాత అరకు, పాడేరు కొండలకు పాకింది. 2019లో కూర్గ్ (కొడగు) అరబికాకు, అరకు అరబికాకు కలిసే భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడ కాఫీ మార్చి, ఏప్రిల్‌లలో పూస్తే, అంతకుముందే నవంబరు ప్రాంతంలో వలిసె అనే నూనెగింజల చేలు కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. ఒకే కొండ మీద రెండు పూతలు, రెండు రుచులు. గిరిజన సహకార సంస్థ అమ్మే అడవి తేనె మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. అది ముదురు రంగు, గట్టి రుచి, దగ్గుకు మిరియాల పొడితో కలుపుకోవడానికి దానికి సాటి లేదు. కొడగు తేనెను దానితో పోల్చి ఎక్కువ తక్కువలు చెప్పడం సరికాదు, రెండూ వేరు వస్తువులు. అయితే తీసిన తేదీ, పూత పేరు రాసిన వలిసె తేనె సీసా, అరకు కాఫీ పూత తేనె సీసా పక్కపక్కన పెట్టి అమ్మే దుకాణం మన కొండల్లో కనిపిస్తే నేను మొదటి కొనుగోలుదారుగా నిలబడతాను.

ఈ తేనె అసలుదో కాదో తెలుసుకోవడానికి నీటి గ్లాసులో చుక్క వేసి చూడడం, వత్తికి పూసి వెలిగించడం వంటి పరీక్షలు నేను చేయలేదు. ఈ రోజుల్లో బియ్యం పిండి నుంచి తీసిన పాకాలు మామూలు ప్రయోగశాల పరీక్షలనే దాటిపోతున్నాయని 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే పర్యావరణ పరిశోధన సంస్థ బయటపెట్టింది. నీటి గ్లాసు ఏం పట్టుకుంటుంది? మరో మాట కూడా చెప్పాలి. పుట్టిన బిడ్డకు తేనె నాకించే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాది నిండని పసివాళ్లకు ఎంత మంచి తేనె అయినా పెట్టకూడదు; అందులో ఉండే అవకాశమున్న, బొటులిజం అనే జబ్బు తెచ్చే బాక్టీరియా బీజాలు వాళ్ల పేగుల్లో విషం పుట్టించగలవు. పెద్దవాళ్లకు వాటితో ఇబ్బంది లేదు. ఈ దుకాణపు చీటీ మీద ఆ హెచ్చరిక లేదు, ఉండాలి.

అరకిలోకు 450 రూపాయలు ఎక్కువేనని మా ఇంట్లో ఒక అభిప్రాయం ఉంది. ఒక్కో పెట్టె నుంచి తనకు ఏడాదికి ఐదారు కిలోలకు మించి రాదని రైతు చెప్పిన లెక్క విన్నాక నాకు ఆ ధర న్యాయంగానే తోచింది. పులిసిన సీసా సంగతి మరచిపోకుండానే, ఈ ఏడాదికి నాలుగు సీసాలు కావాలని ఫిబ్రవరిలోనే చెప్పి ఉంచాను, రిఫ్రాక్టోమీటరు కొనమని కూడా గట్టిగా చెప్పాను. మొన్న ఫోన్ చేస్తే, పూత బాగానే విచ్చిందనీ, రెండో రోజే పెద్ద వాన పడి పూలు తడిసిపోవడంతో ఈగలు రెండు రోజులు బయటికి రాలేదనీ చెప్పి, నాలుగు కాక రెండే ఇవ్వగలనేమో అన్నారు. రెండే పంపమన్నాను.